బుంగచేప అన్నప్రాసన

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పు మూల వాన పడితే ఆ కబురు ఆర్డరు రూపంలో పడమటి మూలకి చేరేసరికి ఎండాకాలం వచ్చేసేంత పెద్ద అడవిలో, ఒక పాలక సంఘం ఉండేది. సంఘం ఉంది గనక ఆఫీసు ఉండేది. ఆఫీసు ఉంది గనక ఫైళ్లుండేవి. ఫైళ్లున్నాయి గనక అవి కదలకుండా చూసుకోడానికి నత్తలుండేవి.

నత్తలకి ఆ ఉద్యోగాలెవరిచ్చారని నన్నడక్కండి. కోతిని కూర్చోబెడితే రెండు నిమిషాల్లో చెట్టెక్కుతుంది. కుందేలైతే తలుపు చప్పుడుకే పారిపోతుంది. కూర్చున్న చోట కూర్చోగలిగింది నత్త ఒక్కటే. పైగా ఇల్లు వీపు మీదే ఉంటుంది, క్వార్టర్సు ఇవ్వక్కర్లేదు.

ఆ నత్తలకి సూపరింటెండెంటు శంఖపాణి గారు. ఫైలంటే మోదుగాకుల కట్ట. ఆయన సంతకం చెయ్యడమంటే ఆకు మీద ఈ చివర నుంచి ఆ చివరికి పాకడం. వెనకాల పడ్డ జిగురు చార ఆరిందంటే సంతకం అయినట్టు. వానాకాలంలో చార ఆరదు కాబట్టి ఆ నాలుగు నెలలూ అడవిలో సంతకాలుండేవి కావు. కుందేళ్లు తమ కాలిబాటకి అడ్డంపడ్డ చెట్టు తీయించమని పెట్టుకున్న అర్జీ పదమూడేళ్లుగా ఆ ఆఫీసులో ఉంది. అర్జీ పెట్టిన కుందేలు పోయింది, దాని మనవలు ఇప్పటికీ చెట్టు చుట్టూ తిరిగే వెళ్తున్నారు.

సంఘం అధ్యక్షుడు అడవిదున్న వీరభద్రం గారు. మనసు మంచిదే, అబద్ధమెందుకు? కాకపోతే ఏ కష్టానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఫంక్షను. కరువొస్తే ఫంక్షను, వరదొస్తే ఫంక్షను. కార్చిచ్చు వచ్చినప్పుడు ఆర్పడానికి వెళ్లిన ఏనుగుల్ని దారిలోనే ఆపి దండలు వేయించాడు.

ఇలా ఉండగా పొరుగు అడవి వాళ్లు స్నేహానికి గుర్తుగా ఒక చేపను పంపారు. పిడికిలంత చేప, పసుప్పచ్చ ఒళ్లు, నల్ల చుక్కలు, రెండు గుండ్రటి కళ్లు. భయమేసిందంటే గబగబా నీళ్లు మింగి బుంగలా ఉబ్బేది. అందుకే దాన్ని అందరూ బుంగచేప అన్నారు. ఉబ్బినప్పుడు నోటినిండా నీళ్లే కాబట్టి మాట పెగలదు. పాపం, దాని అవస్థంతా అక్కడే మొదలైంది.

వీరభద్రం గారు దాన్ని కొలనులో వదలనివ్వలేదు. "కొలనులో వదిలితే ఎవరికి కనపడుతుందయ్యా? ఆఫీసు ముందర రాతి తొట్టి ఉందిగా, అందులో పెట్టండి. వచ్చేపోయేవాళ్లు చూడాలి" అన్నాడు.

తొట్టికి కాపలాగా ముసలి కప్ప తిరుపాలమ్మను వేశారు. ఆమెను పిలిచి, "చేపకి ఏమైనా అయిందో, నీకీ అడవిలో నీళ్లుండవు" అని కూడా చెప్పారు. తిరుపాలమ్మ తలూపింది. ఆ తల ఊపడం తప్ప ఆమె చేతిలో ఏముంది గనక?

చేప వచ్చిన రోజు వడ్రంగిపిట్టలు డప్పులు కొట్టాయి. అడవంతా తొట్టి మీదకి వంగింది. నలభై తలకాయలు ఒక్కసారి మీదకొచ్చేసరికి చేప గుండె జారిపోయింది. పొట్ట టపీమని ఉబ్బింది.

"ఆహా! దారిలో బాగా తిన్నట్టుంది" అన్నాడు వీరభద్రం.

మర్నాటి నుంచి మేత పెట్టడం మొదలెట్టారు. చేప ఏం తింటుందో తెలీదు. తెలీనప్పుడు అడగొచ్చు. కానీ అడిగితే మనకి తెలీదని అందరికీ తెలిసిపోతుంది కదా! అందుకని ఎవరికి ఏది ఇష్టమో వాళ్లది తెచ్చారు. వీరభద్రం గారు లేత గడ్డి పంపించాడు. ఎలుగుబంటి డాక్టరు తేనె పోసి, "రోజుకి మూడుసార్లు, భోజనానికి ముందు" అని రాసిచ్చి వెళ్లాడు. భోజనమెక్కడుందో చెప్పలేదు. కోతులు పనస తొనలు పడేశాయి.

చేప దేన్నీ ముట్టలేదు. తొట్టి మూల రాయి వెనక్కి దూరి కూర్చుంది. గడ్డి కుళ్లింది, తేనె అడుక్కి దిగింది, నీళ్లు వాసనేశాయి. తిరుపాలమ్మ రోజూ ఆ చెత్తంతా తీసి, పాతనీళ్లు కొన్ని తోడి, కొత్తనీళ్లు కొన్ని పోసి, నడుం పట్టుకుని కూలబడేది.

చేప తింటోందో లేదో చూడ్డానికి ఒక తనిఖీ అధికారిని వేశారు. ఎవర్ని వేశారనుకున్నారు? కొంగని! పేరు ధవళేశ్వరరావు. చేపల గురించి అడవిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడని వేశారట. ఆ తెలిసిందేమిటో అడిగినవాడు లేడు.

రోజూ ఉదయం ధవళేశ్వరరావు గారు తొట్టి పక్కన ఒంటికాలి మీద నిలబడి లోపలికి తొంగిచూసేవాడు. నీళ్ల మీద ఆ పొడుగాటి ముక్కు నీడ పడగానే చేపకి ప్రాణం పైకిపోయి పొట్ట ఉబ్బేది. ఆయన గరికపోచతో పొట్ట చుట్టుకొలత తీసి, "జానెడు" అనేవాడు. పక్కనే ఉన్న శంఖపాణి గారు రిజిస్టరు ఆకు మీద పాకి, "కడుపు నిండినది" అని చార గీసేవాడు.

రెండో రోజు జానెడు మీద వేలెడు. మూడో రోజు జానెడు మీద రెండు వేళ్లు. తిండి లేక నీరసం పెరిగేకొద్దీ చేపకి భయం పెరిగింది. భయం పెరిగేకొద్దీ ఉబ్బు పెరిగింది. ఉబ్బు పెరిగేకొద్దీ రిజిస్టరులో ఆరోగ్యం పెరిగింది.

"దినదినాభివృద్ధి!" అన్నాడు వీరభద్రం గారు, రిజిస్టరు చూసి.

ఒక్క తిరుపాలమ్మకే కడుపు రగిలిపోయింది. కొంగ వెళ్లిపోయాక చేప ఎలా ఉంటుందో చూసింది ఆమె ఒక్కతే. ఉబ్బు దిగాక వీపు గుంటపడి, డొక్కలు లోపలికి పోయి, రాయికి ఆనుకుని పడుండేది.

"ఒసే తల్లీ, ఏం తింటావే నువ్వు?" అనడిగింది ఒక రోజు, దగ్గరికెళ్లి. చేప వెంటనే ఉబ్బింది.

తిరుపాలమ్మ తొమ్మిది వేల పిల్లల్ని కన్న తల్లి. బెదిరిన పిల్లని ఎలా దారికి తెచ్చుకోవాలో ఆమెకి ఒకరు చెప్పాలా? ఆ రోజు నుంచి అడగడం మానేసింది. తొట్టి మీద సగం దాకా తామరాకు కప్పి నీడ చేసింది. చేపకి వీపు తిప్పి, గట్టు మీద కూర్చుని, తనలో తను కూనిరాగం తీస్తూ కూర్చుంది. ఒకరోజు కూర్చుంది, రెండ్రోజులు కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నం వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"పిన్నీ..."

తిరుపాలమ్మ తిరగలేదు. తిరిగితే మళ్లీ ఉబ్బుతుందని తెలుసు. "ఊఁ, చెప్పమ్మా" అంది, చెట్లకేసి చూస్తూ.

"నాకు చచ్చిందీ కుళ్లిందీ నోట్లోకి పోదు పిన్నీ. కదిలేది కావాలి. దానికి గట్టి పెంకుండాలి."

"పెంకెందుకే?"

"నా పళ్లు ఎలక పళ్లకు మల్లే పెరుగుతూనే ఉంటాయి. పెంకు కొరికితేనే అరుగుతాయి. కొరక్కపోతే పెరిగి పెరిగి నోరే మూసుకుపోతుంది. ఇప్పటికే సగం మూసుకుపోయింది చూడు. ఇంకో ఆరు రోజులు దాటితే నువ్వేం పెట్టినా నోరు తెరవలేను."

తిరుపాలమ్మ మెల్లిగా ఓరగా చూసింది. నిజమే, చిలక ముక్కులా పై పన్ను కింది పన్ను మీదకి దిగిపోయింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"కదలాలి, పెంకుండాలి. అంటే మీ ఊళ్లో ఏం తినేదానివే?"

"నత్తలు పిన్నీ."

తిరుపాలమ్మ గతుక్కుమంది. ఆఫీసు వైపు చూసింది. తలుపు దగ్గర నలుగురు గుమాస్తాలు గోడకి అంటుకుని ఉన్నారు. అడవిలో ఉన్న నత్తలన్నీ సర్కారు ఉద్యోగులే. పైగా శంఖపాణి గారు ఒక రూలు పెట్టి ఉన్నారు: ఆయన స్వయంగా సీలు వెయ్యందే తొట్టిలో మెతుకు కూడా పడకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

ఏం చేస్తుంది? అర్జీ రాయించింది. కాస్త మర్యాదగా ఉంటుందని, "చేపకు పెంకు గల ఆహారము మంజూరు చేయ ప్రార్థన" అని మాత్రం రాయించింది.

రెండ్రోజులకి జవాబొచ్చింది. "పెంకు అనగా ఏ పెంకు? కొబ్బరి పెంకా? గుడ్డు పెంకా? ఇంటి మీది బంగాళా పెంకా? మూడు ప్రతులలో వివరణ ఇవ్వవలెను."

ఇంక దాపరికమెందుకని తిరుపాలమ్మ ఆయన బల్ల దగ్గరికే వెళ్లింది. "అయ్యా, తమరు ఏమీ అనుకోనంటే చెబుతాను. అది నత్తల్ని తింటుందండీ. నాలుగు రోజుల్లో పెట్టకపోతే చచ్చిపోద్దండీ."

శంఖపాణి గారు సర్రున పెంకులోకి వెళ్లిపోయారు. అడవిలో ఆయన చేసిన తొందరపని అదొక్కటే. కాసేపటికి రెండు కొమ్ములు బయటికొచ్చాయి.

"ఏమ్మా తిరుపాలమ్మా, ఎవరితో ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఆఫీసు సిబ్బందిని ఆహారం అంటావా?"

"నేనెందుకంటానయ్యా? ఆ పిల్ల అంది."

"ఆ పిల్ల అనడానికి నీళ్లు నోట్లో పెట్టుకుంటే మాటెలా వచ్చింది? రిజిస్టరు చూడు. ఇరవై రోజులు, ఇరవై చారలు, కడుపు నిండినది, కడుపు నిండినది. నిండిన కడుపుకి ఆకలేమిటి?"

"అది నిండడం కాదండీ, భయం. కొంగని చూస్తే ఎవరికి మాత్రం..."

"నిపుణుల కమిటీ వేస్తున్నాను" అన్నారు శంఖపాణి గారు. కమిటీలో ముగ్గురు. ముగ్గురూ నత్తలే. ఆ మధ్యాహ్నానికే నివేదిక వచ్చేసింది, ఆ ఆఫీసు చరిత్రలో అంత తొందరగా వచ్చిన కాగితం లేదు. "బుంగచేప స్వభావరీత్యా శాకాహారి. దానికి గడ్డి కొనసాగించవచ్చును."

తిరుపాలమ్మ బయటికొచ్చి ఒక రాయి మీద కూర్చుని తిట్టుకుంది. ఆ తిట్లు ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు. తిట్టడమయ్యాక లేచి నేరుగా వీరభద్రం గారి దగ్గరికెళ్లింది. వచ్చిన ఇరవై రోజుల్లో చేప ఒక్క ముద్ద ముట్టలేదని మొహమ్మీదే చెప్పింది.

వీరభద్రం గారు కంగారుపడ్డాడు. రిజిస్టరు తెప్పించుకుని చూశాడు, తిరుపాలమ్మ మొహం చూశాడు, మళ్లీ రిజిస్టరు చూశాడు. ఎటూ తేలక నెమరేస్తూ ఆలోచించాడు. ఆలోచిస్తుంటే ఆయన మొహం వెలిగింది.

"ముద్ద ముట్టని పిల్లకి మనవాళ్లు ఏం చేస్తారు? అన్నప్రాసన! రేపే పెట్టిస్తా. పీట మీద పుస్తకం, పువ్వులు, పాయసం, అన్నీ పెడదాం. ఏది ముట్టుకుంటుందో చూద్దాం. ఫంక్షను కూడా అయిపోతుంది!"

తిరుపాలమ్మ నెత్తి కొట్టుకోబోయి ఆగింది. కోరింది కాకపోయినా చేతికందింది ఇదే. "అలాగేనయ్యా. కానీ ఒక మాట. పసిది తినేటప్పుడు అందరూ చూస్తే దిష్టి తగులుతుంది. తమరంతా వీపు తిప్పుకుని నిలబడాలి. డప్పులు కూడా వద్దు" అంది. కనీసం ఆ ఒక్క పూటైనా పిల్ల భయం లేకుండా ఉంటుందని ఆమె ఆశ. దిష్టి మాట వినేసరికి వీరభద్రం గారు రెండో మాట మాట్లాడలేదు.

మర్నాడు తొట్టి చుట్టూ మామిడాకులు కట్టారు. తొట్టిలో మెట్టు లాంటి రాయి ఒకటుంది, దాని మీద వరసగా గడ్డి, తేనెపట్టు ముక్క, పనస తొన, ఒక తామర పువ్వు పెట్టారు. పుస్తకం లేదు గనక పుస్తకం బదులు ఒక ఫైలు పెట్టాలన్నారు. ఫైలు ముట్టుకుంటే పిల్ల ఆఫీసరవుతుందని శకునం.

అప్పుడొచ్చింది చిక్కు. సీలు లేనిదే తొట్టిలో ఏదీ పడకూడదు, ఇవేమో ముందే రాయి మీద పెట్టేశారు. సీలు వెయ్యాలంటే శంఖపాణి గారు స్వయంగా ఆ రాయి మీదకి దిగి, ఒక్కొక్కదాని మీదా పాకి రావాలి. రూలు ఆయనదే. ఆ రూలును ఆయన ఇన్నాళ్లూ గట్టు మీద కూర్చునే నడిపించారు. ఇప్పుడు అడవంతా ముందుంది, అధ్యక్షుడి చేతిలో పూలదండ కూడా ఉంది.

"నేను దిగుతాను" అన్నారు శంఖపాణి గారు, దండకేసి చూస్తూ.

తిరుపాలమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. ఎంత చెడ్డవాడైనా పద్నాలుగేళ్లుగా చూస్తున్న మొహం. గబుక్కున ఆయన పక్కకి గెంతింది.

"అయ్యా, మీ పుణ్యముంటుంది, దిగకండి. అది ఇరవై రోజుల ఆకలి మీదుంది. తమరిని చూసిందంటే ఆగదు. నా మాట వినండి."

"నీ మాట వినాలా, రిజిస్టరు వినాలా?" శంఖపాణి గారు కొమ్ములు నిక్కించారు. "ఇరవై చారలు నా పొట్టతో గీశాను. ఇరవై రోజులూ కడుపు నిండినదే. ఇవాళ్టిది కూడా పొద్దున్నే గీసి వచ్చాను, ఇరవై ఒకటి. నిండిన కడుపు నన్నేం చేస్తుంది? పక్కకి తప్పుకో."

తప్పుకోక ఏం చేస్తుంది?

దండ వేశారు. శంఖపాణి గారు దండతో సహా నీళ్లలోకి దిగారు. వీరభద్రం గారు చెయ్యెత్తగానే అడవంతా వీపు తిప్పింది. కొంగ కూడా తిప్పింది. డప్పులు లేవు, ఉపన్యాసం లేదు. ఆ అడవిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

గడ్డి మీద ఒక చార పడింది. తేనెపట్టు మీద ఒక చార. పనస తొన మీద ఒక చార. చివరికి ఫైలెక్కారు శంఖపాణి గారు. ఫైలు పెద్దది, సంతకం పొడుగు. మెల్లిగా, గట్టి పెంకుతో, కదులుతూ ఉన్నారు.

రాయి వెనకనుంచి రెండు గుండ్రటి కళ్లు బయటికొచ్చాయి.

కటుక్కుమంది.

తరవాత ఇంకోసారి కటుక్కుమంది. ఇంక చాలాసేపు కటకటలాడింది. తిరుపాలమ్మ కళ్లు మూసుకుంది.

"అయిందా?" అన్నాడు వీరభద్రం, వెనక్కి తిరక్కుండానే.

"అయిందండీ."

అందరూ తిరిగారు. నీళ్లలో దండ తేలుతోంది. ఫైలు మీద సగం సంతకం ఉంది. పక్కనే పెంకు ముక్కలున్నాయి. చేప వాటి పక్కనే నింపాదిగా ఈదుతోంది. భయం లేదు, ఉబ్బు లేదు. నోరు పూర్తిగా తెరుచుకుంటోంది కూడాను.

"ఏం ముట్టుకుంది?"

"ఫైలు దగ్గరికే వచ్చిందండీ" అంది తిరుపాలమ్మ.

"ఫైలా! శభాష్! ఆఫీసరవుతుందన్నమాట!" వీరభద్రం గారు గంతేశాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు చుట్టూ చూశాడు. "మరి సూపరింటెండెంటు గారేరి?"

ధవళేశ్వరరావు గారు గరికపోచతో చేప పొట్ట కొలిచి తల అడ్డంగా ఊపాడు. "కొలత తగ్గిందండీ. జానెడు నుంచి బెత్తెడుకి పడిపోయింది. పాపం, ఇన్నాళ్లూ నిండుగా ఉన్న పిల్లకి ఇవాళే ఆకలి మొదలైంది."

"అయ్యో! అయితే ఇవాళ పెట్టిందే రోజూ పెట్టండి. ఇంకాస్త ఎక్కువే పెట్టండి" అని ఆర్డరు వేశాడు వీరభద్రం గారు.

ఇవాళ పెట్టిందేమిటో రాసుకోవాలి కదా? అందరూ పెంకు ముక్కలకేసి చూశారు. తరవాత నిపుణుల కమిటీ కేసి చూశారు. కమిటీ ముగ్గురూ పరిగెత్తారు. నత్త పరుగు అడవి చూడ్డం అదే మొదలు. మనం చూస్తే ఆ వేగాన్ని పరుగనం గానీ, వాళ్ల మట్టుకు అది ప్రాణాలరచేతిలో పెట్టుకున్న పరుగే.

శకునం తప్పకూడదు కదా! ఖాళీ అయిన సూపరింటెండెంటు కుర్చీ బుంగచేపకే ఇచ్చారు. రూళ్లన్నీ పాతవే ఉంచారు. అందులో శంఖపాణి గారు పెట్టిన రూలొకటుంది: ఫైలు ఆలస్యం చేసిన గుమాస్తా పై అధికారి దగ్గరికి స్వయంగా వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆ నెలలో ఆఫీసులో ఒక్క ఫైలు కూడా మిగల్లేదు. కుందేళ్ల కాలిబాట మీద చెట్టు ఒక పూటలో లేచిపోయింది. వానలో కూడా చారలు ఆరేవి, గుమాస్తాలే ఊదుకుని ఆరబెట్టుకునేవారు. అయినా ఎంత పరిగెత్తినా నత్త నత్తే కదండీ, వారానికి ఒకడైనా ఆలస్యమయ్యేవాడు. అలా మేడం గారి పళ్లు అరుగుతూ ఉండేవి.

తిరుపాలమ్మకి బదిలీ లేదు, వెలి లేదు. ఆమె ఆ పాత రిజిస్టరు తీసి గట్టు మీద ఎండబెట్టుకుంది. ఇరవై చారలు అబద్ధం. ఇరవై ఒకటోది, శంఖపాణి గారు పొద్దున్నే తొందరపడి గీసి వెళ్లిన "కడుపు నిండినది" ఒక్కటే నిజం. ఆ ఒక్కటి నిజం కావడానికి పాపం ఆయనే వెళ్లాల్సొచ్చింది.

ఇంక నీతి కావాలంటారా, తీసుకోండి: దొంగ రిజిస్టరు ఎన్నాళ్లయినా రాసుకోవచ్చు, దాన్ని నువ్వే నమ్మి నీళ్లలో దిగనంత కాలం.